సిగ్నల్ పడిన సాయంత్రం

ఈ సంగతి జరిగేనాటికి నాకు ఒత్తులు రావు. అక్షరాలు వచ్చు, గుణింతాలు వచ్చు. 'గుండె' అని రాయగలను. సున్నా పెట్టి, డకి ఎత్వమిస్తే అయిపోతుంది. 'సిగ్నల్' అని రాయలేను. గ కింద న ఒత్తు ఎటు తిరగాలో నా చేతికి ఎంతకీ పట్టుబడలేదు. చెప్పాలనుకున్నదంతా ఆ మాట చుట్టూనే ఉంది కాబట్టి, అది రాయడం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

రాయడం వచ్చాక కూడా కొంతకాలం రాయలేదు. మా ఇంట్లో ఆ మాటను ఊరికే అనరు. కాగితం మీద పెట్టాలన్నా చెయ్యి వెనక్కి లాగేది.

చదువు లేకపోవడానికి పెద్ద కథేమీ లేదు. మా తాతలది విజయనగరం వైపు. నేను పుట్టింది మాత్రం బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లోనే. నా తరువాత మా అమ్మకి ఏడాదికొకరు, రెండేళ్లకొకరు పుడుతూనే ఉన్నారు. ఒకర్ని చంక దింపితే ఇంకొకర్ని ఎత్తుకోవాలి. ఆఖరివాడు బడికి వెళ్లేసరికి నాకు పెళ్లీడు వచ్చేసింది. ఇంట్లో తెలుగు మాట, బజార్లో హిందీ మాట, రాత మాత్రం ఏదీ లేదు. స్టేషన్ బోర్డు మీద ఊరి పేరు రెండు రాతల్లో ఉండేది. నాకు రెండూ ఒకటే.

కోడలు వచ్చాక నేర్చుకున్నాను. ఆమెది కాకినాడ. ఇక్కడ ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతుంది. మా అబ్బాయి రైల్వే గార్డు, ఇప్పుడు క్వార్టర్ వాడి పేరు మీదే, వారంలో సగం రోజులు బండి మీదే ఉంటాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, కాబట్టి ఇంట్లో తెలుగు చదవగలిగింది ఆమె ఒక్కతే. వంటింటి డబ్బాల మీద కాగితాలు అంటించి, ఒక్కో డబ్బా పేరు నా చేత రాయించేది. పసుపు, చింతపండు, జీలకర. "ఒత్తులున్న డబ్బాలు తరువాత చూద్దాం అత్తయ్యా" అనేది. అందుకే మా ఇంట్లో ఉప్పు, బెల్లం, కొబ్బరి చాలాకాలం పేర్లు లేకుండానే ఉన్నాయి.

ఇప్పుడు ఆ మాట సంగతి చెప్పాలి. మా నాన్న స్టేషన్ క్యాబిన్లో లీవర్లు లాగేవాడు. అప్పట్లో సిగ్నల్ అంటే స్తంభానికి బిగించిన ఇనప చెయ్యి. ఆ చెయ్యి అడ్డంగా ఉంటే బండి ఆగాలి. కిందికి పడితే దారి ఇచ్చేసినట్టు, బండి కదలొచ్చు. మా నాన్నమ్మ మంచం పట్టి ఆఖరి ఊపిరి తీస్తున్నప్పుడు నాన్న గదిలోంచి వరండాలోకి వచ్చి, "అమ్మకి సిగ్నల్ పడిపోనాదే" అన్నాడు. మా అమ్మ వెంటనే లేచి వెళ్లి పెద్ద గిన్నెలో నీళ్లు కాగబెట్టింది. తరువాత మా అమ్మకీ అదే మాట. ఆ ఇనప చేతులు పోయి రంగు దీపాలు వచ్చి ఎన్నో ఏళ్లయింది. మా ఇంట్లో మాత్రం సిగ్నల్ పడిపోవడానికి ఒకటే అర్థం మిగిలింది.

ఆ ఏడాది వానలు మొదలైనప్పటి నుంచి నాకు ఒక భయం పట్టుకుని ఉంది. మా క్వార్టర్ల నుంచి బజారు వైపు వెళ్లాలంటే యార్డు మీద కాలినడక వంతెన ఎక్కాలి. సగం మెట్లు ఎక్కేసరికి ఊపిరి అందేది కాదు. గుండె ఒకసారి తొందరపడి కొట్టుకుని, ఆ తరువాత కొట్టుకోవడం మరిచిపోయినట్టు ఆగి, మళ్లీ ధబీమని మొదలయ్యేది. అక్కడ మలుపులో చిన్న చదును ఉంది. దాని కమ్మీ పట్టుకుని కిందికి చూస్తూ నిలబడేదాన్ని. మా ఆయన వెనక్కి తిరిగి, "సిన్నపిల్లలాగ బళ్లు సూస్తన్నావేటే?" అని నవ్వేవాడు. అవుననేదాన్ని. ఇంటికి వచ్చి పనిలో పడితే ఆ చప్పుడు వినపడేది కాదు. వినపడలేదు కాబట్టి లేదనుకునేదాన్ని.

చలికాలం. సాయంత్రం ఇంకా వెలుగుంది. కోడలు కాలేజీ నుంచి వస్తూనే మంచం మీద లాప్‌టాప్ పెట్టి, అగ్గిపెట్టెంత బోర్డు ఒకటి తీసింది. దానికి మూడు సన్నని వైర్లు వేలాడుతున్నాయి.

"అత్తయ్యా, కాసేపు నా దగ్గర కూర్చుంటారా?"

"ఏటమ్మా, మళ్లీ ఒత్తులా?"

"ఒత్తులు కాదు. ఈసారి మీరే నాకు పాఠం. మా స్టూడెంట్స్ గుండెలన్నీ చూసేశాను, అన్నీ కుర్ర గుండెలే. కాస్త పెద్ద గుండె కావాలి."

మా ఆయన గుమ్మంలోంచి అన్నాడు. "దానికి గుండెక్కడుందమ్మా? ఉన్నదంతా నోరే."

"మీకు సెవులు లేవు కాబట్టి నా నోరు పెద్దదయ్యింది," అన్నాను. ఆయన షెడ్‌లో ఇంజన్ల మధ్య పనిచేసి రిటైరయ్యాడు. చెవి కొంచెం తక్కువ.

నవ్వుతూనే కూర్చున్నాను. ఇన్నాళ్లూ దాచింది ఈ అగ్గిపెట్టె బయటపెట్టేస్తుందేమో.

ఆమె నా రెండు మణికట్లకీ, కుడి చీలమండకీ జిగురు బిళ్లలు అంటించింది. మస్తూరీ వైపు పల్లెల్లో ఒక ఆరోగ్య కేంద్రానికి తక్కువ ఖర్చులో గుండె గీత చూపించే పెట్టె చేయాలని వాళ్ల కాలేజీలో అనుకుంటున్నారట. పని చేస్తూ చెబుతూ ఉంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ కాసింత కరెంటు పుడుతుంది. అది చేతుల దాకా వచ్చేసరికి టార్చిలైటులో వేసే సెల్లులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఈ బోర్డు దాన్ని వెయ్యి రెట్లు పెంచి చూపించాలి.

"పెంచడం కష్టం కాదు అత్తయ్యా. గోలని వదిలేసి దీన్ని ఒక్కదాన్నే పెంచడం కష్టం."

"ఏటి గోల? ఇక్కడెవులూ మాటాడలేదు కదా."

"గోడలో కరెంటు వైరు, ఈ ట్యూబ్‌లైటు, ఫ్రిజ్, బయట పట్టాల మీద తీగ. అన్నీ రోజంతా ఒకటే రాగం తీస్తుంటాయి. మన ఒళ్లు ఆ రాగాన్ని పట్టేసుకుంటుంది. మనకి తెలీదు, బోర్డుకి తెలుస్తుంది."

పుట్టినప్పటి నుంచీ ఆ తీగల పక్కనే బతికినదాన్ని. అవి నా ఒంట్లోకి వస్తున్నాయని ఆ రోజే విన్నాను. బిళ్ల అంటించిన చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"భయపడకండి. మీ ఒంటికి తగిలిన వైరేదీ గోడలో ప్లగ్గుకి తగలదు. అంతా బ్యాటరీ మీదే."

లాప్‌టాప్‌లో గీత వచ్చింది. గీత కాదు అది, గొంగళిపురుగు. ఈ చివర నుంచి ఆ చివరకి లావుగా, వెంట్రుకలతో పాకుతోంది. కోడలు మొహం చిట్లించింది. దాన్ని ఫొటో తీసి కాలేజీలో తనతో పనిచేసే ఒకాయనకి పంపి, ఫోన్ మంచం మీద పెట్టి స్పీకర్ వేసింది. ఆయన హిందీలో అన్నాడు.

"మేడమ్, సిగ్నల్ తో పూరా గిర్ గయా హై. నాయిస్ మే డూబ్ గయా."

గిర్ గయా అంటే పడిపోయింది. డూబ్ గయా అంటే మునిగిపోయింది. ఇవి తెలియడానికి నాకు చదువు అక్కర్లేదు.

"హా సర్, ముఝే భీ యహీ లగా," అని, తనకీ అలాగే అనిపించిందని ఒప్పుకుని, కోడలు నా వైపు తిరిగింది. "సిగ్నల్ పడిపోయింది అత్తయ్యా. కదలకండి."

నేను కదల్లేదు. కదలమన్నా కదలలేను. మా నాన్న వరండాలో నిలబడిన తీరు కళ్ల ముందుకు వచ్చింది. ఆ ముతక పంచె, ఆ ఆరిపోయిన బీడీ. అంత మామూలుగా చెప్పాడు నాన్న కూడా. ఈ పిల్ల కూడా అంతే మామూలుగా చెప్పింది. చేతులు వాటంతటవే మంచం పట్టెని బిగించి పట్టుకున్నాయి.

"అయ్యో, ఇంకా పడిపోతోంది," అంది కోడలు గీతను చూస్తూ.

బిళ్లలు తీసేసి, "ఉండండి అత్తయ్యా, ఇందులో ఒకటి మార్చి మళ్లీ చూద్దాం," అని బోర్డు పట్టుకుని హాల్లోకి వెళ్లింది. మార్చేదేముంటుంది? నన్ను ఏమార్చడానికి అంటోందనుకున్నాను. వంటింట్లోకి వెళ్లి గట్టు పట్టుకుని నిలబడ్డాను. ఎదురుగా డబ్బాలు. పసుపు. చింతపండు. జీలకర. ఆ పక్కన పేర్లు లేని మూడు. అప్పుడు నాకు తోచిన ఆలోచన ఇది: ఉప్పు డబ్బా మీద పేరు రాయకుండానే వెళ్లిపోతున్నాను.

గుమ్మం దాకా వచ్చి కోడల్ని పిలిచాను.

"ఉసిరికాయ జాడీ మూతికి గుడ్డ మార్సాల. మర్సిపోకు."

"సరే అత్తయ్యా."

"మీ మావయ్యకి రాత్రి పాలల్లో మిరియాలు. అచ్ఛా అచ్ఛా అంటాడు గాని తాగడు. పక్కన నిలబడి తాగించాల."

"సరే..." ఆమె చేతిలో కాలే ఇనప పుల్లలాంటిది ఉంది, దాంతో బోర్డు మీద సీసం అతుకుతోంది. తలెత్తింది. "ఇవన్నీ ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"ఎందుకంటే ఎందుకని సెప్పనమ్మా? సెప్పాలనిపించింది."

ఆమె నా మొహం కాసేపు చూసి మళ్లీ పనిలో పడింది. దాస్తోంది, ఎంత బాగా దాస్తోందో అనుకున్నాను.

మళ్లీ కూర్చోబెట్టింది. మళ్లీ బిళ్లలు. మళ్లీ గొంగళిపురుగు, ఇంతకుముందు కంటే లావుగా. అప్పుడే మా ఆయన టీ గ్లాసుతో లోపలికి వచ్చి, "ఏటమ్మా, దొరికిందా గుండె?" అన్నాడు.

"ఎక్కడ మావయ్యా. సిగ్నల్ పడిపోతూనే ఉంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "ఎవులికి?"

"అత్తయ్యకే."

టీ గ్లాసు కింద పెడదామనుకున్నాడు. బల్ల అంచు మీద పెట్టాడు, అది పడి గచ్చు మీద టీ అంతా పారింది. దాన్ని చూడను కూడా లేదు. నా పక్కన మంచం మీద కూర్చుని "ఒసే" అన్నాడు. నలభయ్యేళ్లుగా నన్ను ఏదో ఒకటి అనకుండా ఊరుకోని మనిషి అంతటితో ఊరుకునేసరికి నాకు మిగిలిన ధైర్యం కూడా పోయింది.

"డాక్టరు సెప్పేడా?" అని చివరికి కోడల్ని అడిగాడు. "ఎప్పుడు సూపించినారు? నాకెందుకు సెప్పలేదు?"

"ఏ డాక్టరు? ఏమైంది మావయ్యా? అత్తయ్యా, మీరెందుకు ఏడుస్తున్నారు?"

"నువ్వే కదమ్మా అన్నావు, సిగ్నల్ పడిపోనాదని. ఫోన్లో ఆయన కూడా అన్నాడు. మునిగిపోనాదన్నాడు. నాకు తెలీదేటి?"

ఆమెకి అర్థం కాలేదు. మా ఆయనే చెప్పాడు, మా నాన్నమ్మ సంగతి, మా అమ్మ సంగతి, మా ఇంట్లో ఆ మాట ఎప్పుడంటారో. వింటూ వింటూ ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో అత్తయ్యా... మాకు పడిపోవడమంటే బలం లేకుండా రావడం, అంతే. గోల ఎక్కువై అది కనపడటం లేదు. అది మీ గుండె తప్పు కాదు, నా వైర్ల తప్పు."

మా ఆయన కండువాతో మొహం తుడుచుకున్నాడు. "మా రోజుల్లో సిగ్నల్ పడితే బండి పోయేది. మీ రోజుల్లో సిగ్నల్ పడితే బండే కనపడదా?"

"అలాంటిదే మావయ్యా."

"మరైతే ఆ మాట మార్సమ్మా. ఈ ఇంట్లో సిగ్నల్ సన్నబడిందను, సిక్కిపోనాదను, ఏదైనా అను. పడిందనకు."

ఆ తరువాత ఆమె నా మణికట్టును వేలితో రాసి చూసి ఆగిపోయింది.

"నూనె రాసుకున్నారా?"

రాసుకోకుండా ఉంటానా? ఇక్కడి చలికి చర్మం పగిలిపోతుంది. తెలిపారాలో గానుగ దగ్గర తెచ్చిన నువ్వుల నూనె, రోజూ స్నానం కాగానే చేతులకి. శుక్రవారం కాబట్టి పాదాలకి ఆ నూనెలోనే కలిపిన పసుపు కూడా.

"ఇదన్నమాట," అంది. "నూనె మీద బిళ్ల సరిగ్గా అంటదు. ఈ బోర్డు రెండు చేతుల నుంచీ వచ్చేదాన్ని పక్కపక్కన పెట్టి చూస్తుంది. రెండిట్లో ఒకేలా వచ్చింది గోల, దాన్ని పారేస్తుంది. తేడాగా వచ్చింది గుండె, దాన్ని పెంచుతుంది. ఒక చెయ్యి బాగా అంటి, ఒకటి జారిపోతుంటే గోల కూడా తేడాగా వస్తుంది. పాపం దీనికేం తెలుసు, అది కూడా గుండే అనుకుని పెంచేస్తుంది."

"మా స్టూడెంట్స్ ఎవరూ నూనె రాసుకుని రారు కదా," అని తనలో తను అనుకుంది.

చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చాను. పాదం దగ్గర ఆగిపోయాను. ఆయన ఎదురుగా కూర్చుని ఉండగా నా చేత్తో నేను పసుపు ఎలా తుడుచుకుంటాను? ఇప్పుడే ఆ మాట విన్న ఇంట్లో? కాలు చీర కిందికి లాక్కున్నాను. ఆమె చూసింది. "ఉండనివ్వండి అత్తయ్యా" అని, పసుపు లేనిచోట, పైకి, పిక్క మీద తడిగుడ్డతో తుడిచి అక్కడ బిళ్ల అంటించింది.

ట్యూబ్‌లైటు ఆర్పేసింది. ఫ్రిజ్ ఆపించింది. మూడు వైర్లూ మూడు దారుల్లో పడి ఉన్నాయి. "ఇవి ఎంత దూరంగా పరుచుకుంటే అంత గోల పడతాయి. జడలా అల్లేస్తారా?" అంది. నేనే అల్లాను. బిగుతుగా, సన్నగా, ఆడపిల్లకి బడి జడ వేసినట్టు. చేతులకి ఏదో పని దొరికేసరికి ఊపిరి కొంచెం కుదుటపడింది.

"ఇప్పుడు చేతులు వదిలెయ్యండి. బిగబడితే కండలు కూడా గోల చేస్తాయి. ఇందాక మీరు పట్టె పట్టుకున్నప్పుడు లావైంది అందుకే."

"భయపడినా గోలేనా?"

"అదే పెద్ద గోల అత్తయ్యా."

కిటికీ వెలుగు ఒక్కటే ఉంది. గొంగళిపురుగు నెమ్మదిగా బక్కచిక్కింది, వెంట్రుకలు రాలిపోయాయి. సన్నటి గీత మిగిలింది. చిన్న గుట్ట, నిటారుగా ఒక ముల్లు, మళ్లీ చిన్న గుట్ట. మళ్లీ అదే. మళ్లీ అదే. నాకు అక్షరం మొదటిసారి అక్షరంలా కనపడినప్పుడు ఎలా ఉందో అలా ఉంది. మా ఆయన మెడ చాచి, "ఉందే, దీనికి గుండె ఉంది" అన్నాడు.

ముగ్గురం నవ్వాం. నవ్వుతుండగా ఒక ముల్లు తొందరగా వచ్చేసింది. దాని ముందు చిన్న గుట్ట లేదు. దాని తరువాత గీత చాలాసేపు ఖాళీగా నడిచింది. అదే సమయంలో నా ఛాతీలో ఆ మరుపు, ఆ తరువాత ఆ ధబీమనడం. గీతలో ముల్లు లేచింది.

"ఇది కూడా గోలేనా అమ్మా?" అన్నాను.

కోడలు బిళ్లల్ని ఒక్కొక్కటీ నొక్కి చూసింది. జడ కదిపి చూసింది. ఇంకొకటి వచ్చింది, అలాగే తొందరగా, అలాగే ఖాళీ.

"కాదు అత్తయ్యా. ఇది గోల కాదు. ఇది మీదే."

బయట గూడ్సు బండి పోతోంది. అది పోయేదాకా కోడలు గీతనే చూస్తూ ఉంది.

"మీకెప్పుడైనా ఆయాసం వస్తుందా? గుండె ఒకటి తప్పినట్టు అనిపిస్తుందా?"

"లేదు," అన్నాను. వెంటనే అన్నాను. మా ఆయన నా వైపు చూస్తున్నాడు.

ఆమె రెట్టించలేదు. "ఇది డాక్టర్ల మిషన్ కాదు. నా బల్ల మీద బోర్డు. ఇలాంటివి ఏ జబ్బూ లేనివాళ్లకి కూడా వస్తుంటాయని విన్నాను. కానీ అది చెప్పాల్సింది నేను కాదు. రేపు సెలవు పెడతాను, హాస్పిటల్‌కి వెళ్దాం," అంది. లైటు వేసింది. ఫ్రిజ్ వేసింది. గచ్చు మీద టీ తుడిచింది. ఆ రాత్రి ఫ్రిజ్ హోరు వింటూ పడుకున్నాను. అంత గట్టిగా అది మోగుతుందని నాకు ఎప్పుడూ తెలియదు. దాని కింద నా గుండె చప్పుడు కూడా వినపడుతూనే ఉంది.

పొద్దున్న స్నానం చేసి, శుక్రవారం కాకపోయినా పాదాలకి పసుపు రాసుకుని, చేతులకి నూనె మానేశాను. ఆయన ఆటో పిలుస్తానన్నాడు. రోడ్డు చుట్టూ తిరగడమెందుకు, వంతెన ఎక్కితే దగ్గరని నేనే అన్నాను. నాకు ఏమీ లేదని నేను ఇంకా వాళ్లకి చూపించాలనుకుంటున్నాను. ఆయన ముందు, నేను మధ్యలో, కోడలు నా వెనక. సగం మెట్లు ఎక్కాం. మలుపు దగ్గర చదును వచ్చింది. నా చెయ్యి అలవాటుగా కమ్మీ పట్టుకుంది.

ఆయన పై మెట్టు మీంచి తిరిగి, "బళ్లు సూస్తావేటి?" అన్నాడు. ఈసారి నవ్వలేదు.

కింద యార్డులో ఒక్క బండి కూడా లేదు. ఖాళీ పట్టాలు. నాకు ఊపిరి అందేదాకా వాళ్లిద్దరూ ఆగారు.

"బళ్లు కాదు," అన్నాను. "ఇక్కడికొచ్చీసరికి ఆయాసం వొచ్చెస్తాది. గుండె ఆగి ఆగి కొడతాది. వానల కాడి నుంచి ఇంతే. బళ్లు ఎప్పుడూ సూడలేదు నేను."

ఆయన ఒక్కో మెట్టూ దిగి వచ్చాడు. తిడతాడనుకున్నాను. కోడలు నా మోచెయ్యి పట్టుకుంది, గట్టిగా కాదు. ఎక్కిన మెట్లన్నీ మళ్లీ నెమ్మదిగా దిగాం. దిగుతూ అంతా చెప్పాను, ఎప్పుడు మొదలైందో, ఎంతసేపుంటుందో, ఏ వైపు పడుకుంటే ఎక్కువో. ఆమె ప్రతి మెట్టు మీదా ఆగి విన్నది. "డాక్టరుకి కూడా ఇలాగే చెప్పండి అత్తయ్యా, ఏ మాటా మింగకుండా," అంది.

కింద రోడ్డు మీద ఆయన అప్పటికే చెయ్యి అడ్డంగా చాచి ఆటో ఆపుతున్నాడు.